మాట కనబడని పరీక్ష

ఒకే రేకుల కప్పు కింద కుట్టు మిషన్లన్నీ ఒక్కసారిగా నడుస్తున్నప్పుడు మనిషి గొంతుకు విలువ ఉండదు. ఎంత అరిచినా మాట పక్క మిషను దాకా పోదు. అందుచేత ఆ షెడ్డులో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆడవాళ్లు అరవడం ఏనాడో మానుకొని, పెదవులతో మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు. చప్పుడు లేకుండా, ప్రతి అక్షరాన్నీ పెదవి మీద నిండుగా పలికి చూపించడమే ఆ పద్ధతి. ఈ మూల కాలర్లు కుట్టే మనిషి ఆ మూల కాజాలు కుట్టే మనిషిని “మీ అత్తగారు ఊళ్లోంచి వచ్చిందా?” అని అడిగితే, “వచ్చింది, పోయే ఊసే ఎత్తడం లేదు” అని జవాబు తిరిగి వచ్చేది. నడుమ కూర్చున్న మేస్త్రికి ఒక్క ముక్కా తెలిసేది కాదు. వీళ్లు తన గురించే చెప్పుకుంటున్నారని అతనికి ఎప్పుడూ అనుమానం. చాలాసార్లు అది నిజమే.

పెదవులతో పలికే హల్లులకు ఓష్ఠ్యాలని వ్యాకరణం చక్కటి పేరు పెట్టింది. అయితే చూపుకు ప, బ, మ మూడూ ఒకటే. ‘పాప’, ‘మామ’ అనే మాటలు పెదవి మీద కవలపిల్లలు. అయినా ఆ షెడ్డులో ఏ పాపనూ ఎవరూ మామగా పొరబడిన దాఖలా లేదు. సందర్భం అనే గొప్ప వ్యాఖ్యాత పండితుల పీఠాల దగ్గరే కాదు, కుట్టు మిషన్ల మధ్య కూడా తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

ఆ షెడ్డులో కాలర్లు కుట్టే ఆమెను అందరూ పోగులక్క అనేవారు. ఎంత దులుపుకున్నా ఆమె జుట్టులోనో భుజం మీదో ఒక దారపుపోగు అంటుకొని ఉండేది. పేరు అట్లా వచ్చి, అట్లాగే అంటుకుపోయింది. చేరిననాటి నుంచి ఆమె పని కాలర్లే. ఒక మిషను మీద జేబులు, ఒక మిషను మీద చేతులు, ఇంకొక మిషను మీద అంచులు, చివరికి కాజాలు, గుండీలు. ఏళ్ల తరబడి చొక్కాలో ఆ మెడపట్టీ తప్ప తక్కిన చొక్కా ఆమె చేతిలో పడలేదు.

ఆదివారాలు మాత్రం వేరు. ఊళ్లోని శిక్షణ కేంద్రంలో కుట్టు నేర్పే పెద్దావిడకు సాయంగా ఆమె వెళ్లేది. అక్కడ కొలత దగ్గర మొదలుపెట్టి గుండీ దాకా, దుస్తు మొత్తం ఒక్క చేతి మీద తయారవుతుంది. ఎవరో ఒక పిల్ల మొదటిసారి వంకర లేకుండా ఒక కుట్టు వేసి, తానే నమ్మలేక తలెత్తి చూసేది. ఆ చూపు కోసం పోగులక్క వారమంతా కాలర్లు కుట్టేది.

ఆ పెద్దావిడ ఉద్యోగం మానేసే సమయం వచ్చింది. కేంద్రం నడిపే మేడమ్ పోగులక్కను గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది.

“నీ పనికి వంక పెట్టేవాళ్లు లేరు. కానీ పదో తరగతి పాసైనట్టు కాగితం లేనిదే పైకి నీ పేరు పంపలేను. ఏ సబ్జెక్టు మిగిలింది?”

“ఇంగ్లీషు ఒక్కటేనండి. చిన్నప్పుడు అక్కడే ఆగిపోయాను.”

“అయితే ఈసారి కట్టు. ఫలితాలు వచ్చేదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉంచుతాను. తర్వాత మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదమ్మా.”

ఆ పరీక్షలో రెండు భాగాలు. మొదటిది, ఒక పాఠ్యభాగాన్ని చదివి ప్రశ్నలకు జవాబులు రాయడం. రెండోది, ఇటీవల కొత్తగా చేర్చినది, రికార్డు చేసిన మాటలను విని జవాబులు రాయడం. ఒకదానిలో ఎన్ని మార్కులు వచ్చినా రెండోదానిలో తప్పితే తప్పినట్టే.

చదివే భాగం ఆమెను పెద్దగా బాధపెట్టలేదు. ఈ పాఠ్యభాగాలు రాసే మహానుభావులెవరో గాని, వారి లోకమే వేరు. ఆ లోకంలో ప్రతివాడూ గొడుగు పోగొట్టుకుంటాడు. గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకడు తప్పకుండా ఉంటాడు. తేనెటీగల క్రమశిక్షణ గురించి ఏడాదికొకసారైనా చెప్పి తీరుతారు. బడిలో పిల్లలు ఈ లోకంలోకి మొదటి వాక్యం తలుపు తట్టి ప్రవేశించి, రెండో వాక్యం దగ్గరే తెలియని మాట తగిలి, గడప మీదే కూలబడిపోతారు. పోగులక్కకు ఆ దుస్థితి రాలేదు. ఆమె కాగితం తిప్పి ముందు ప్రశ్నలు చదివేది.

“అమ్మా, పాఠం చదవకుండా ప్రశ్నలు చదువుతావేంటి? తిరగేసి పట్టుకున్నావా కాగితం?” అని ఎనిమిదో తరగతి చదివే కూతురు నవ్వింది.

“కొలతలు చూసుకోకుండా గుడ్డ మీద కత్తెర పెడతారటే ఎవరైనా? వాళ్లకేం కావాలో ముందు తెలిస్తే, ఎక్కడ కత్తిరించాలో నాకు తెలుస్తుంది.”

అట్లా ప్రశ్నల కొలత చేతబట్టుకొని పాఠంలోకి వెళ్లి, కావలసిన ముక్క కత్తిరించుకొని, తెలియని మాటలను బల్ల మీది పీలికల్లా పక్కకు నెట్టి బయటపడేది.

వినే భాగానికి ఇంట్లోనే గురువు దొరికాడు. ఆమె మామగారు రైల్వే స్టేషనులో బండ్ల రాకపోకలు ప్రకటించే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. వీధిలో అందరూ ఆయనను స్టేషను తాతయ్య అనేవారు. ఉద్యోగం వదిలినా గొంతు వదలలేదు. వంటింట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినా, అది వీధి చివరి దాకా ప్రకటన అయ్యేది.

“మామయ్యా, రోజూ కాసేపు నాకు ఇంగ్లీషు చదివి వినిపిస్తారా?”

ఆయన కళ్లజోడు తుడుచుకొని, నిటారుగా కూర్చున్నాడు. “నేను నోరు తెరిస్తే బండ్లే కదిలేవి అమ్మాయ్. నువ్వు కదలవా?”

వ్యాను నడిపే ఆమె భర్త మధ్యలో అందుకున్నాడు. “నాన్న చదివితే ఇది పరీక్షకు పోదు. సూటిగా ప్లాట్‌ఫారానికి పోతుంది.”

“నువ్వు ఊరుకోరా. నీ హారను కంటే నా ఇంగ్లీషు నయమే.”

ఆనాటి నుంచి ప్రతి సాయంత్రం ముందు గదిలో పాఠం సాగింది. స్టేషను తాతయ్య మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకొని, “దయచేసి వినండి” అని మొదలుపెట్టి, ఒక్కొక్క మాటనూ నోరారా తెరిచి, పెదవులను గుండ్రంగా, పొడుగ్గా సాగదీసి పలికేవాడు. ప్రతి పాఠాన్నీ రెండుసార్లు చదవడం ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ప్రకటన ఏదైనా రెండుసార్లు చెప్పడం వృత్తిధర్మం. ముగింపులో “అసౌకర్యానికి చింతిస్తున్నాం” అనకుండా ఉండటానికి మాత్రం కొంత ప్రయాస పడేవాడు. పోగులక్క ఆయనకు ఎదురుగా కూర్చుని, కళ్లార్పకుండా ఆయన ముఖం వైపే చూస్తూ వినేది. పోయిన గొడుగు ఎవరిదో, గడియారం ఎందుకు ఆగిందో, తేనెటీగలు ఎటు పోయాయో అన్నీ ఠక్కున చెప్పేది. ఒక్కటి తప్పితే ఒట్టు. టీకొట్టు దగ్గర స్టేషను తాతయ్య తన కోడలి చెవుల గురించి చెప్పని మనిషి లేడు.

తెలుగులో చెవికి ఎంత మర్యాదో ఆలోచిస్తే ముచ్చట వేస్తుంది. మాట చెవిన పడుతుంది, చెవిన వేస్తారు, చెవికెక్కించుకుంటారు, చెవులు రిక్కిస్తారు, ఇష్టం లేకపోతే పెడచెవిన పెడతారు, ఇష్టం మరీ ఎక్కువైతే చెవి కోసుకుంటారు. ఒక్క అవయవం చుట్టూ ఇన్ని క్రియలు పోగైన భాషలో పుట్టి కూడా, పోగులక్క ఆ చెవులు చేస్తున్నాయనుకున్న పని నిజానికి ఎవరు చేస్తున్నారో గమనించలేదు.

పరీక్షకు ముందు, ఆమె ఫీజు కట్టిన చదువు కేంద్రంలో మాదిరి పరీక్ష పెట్టారు. బల్ల మీద ఒక నల్లటి డబ్బా. మీట నొక్కగానే అందులోంచి ఒక ఆడగొంతు బయలుదేరింది. పోగులక్క డబ్బా వైపు చూసింది. డబ్బాకు ముఖం లేదు. వలలాంటి ఇనుప జల్లెడ ఒకటి ఉంది. ఆ జల్లెడలోంచి వచ్చిపడుతున్నది ఇంగ్లీషో, నూనె లేని మిషను కీచురొదో ఆమెకు అర్థం కాలేదు. రెండోసారి వినిపించారు. రెండోసారి కూడా అంతే. చదివే భాగంలో చక్కగా నెగ్గిన మనిషి వినే భాగంలో దాదాపు తెల్లకాగితం ఇచ్చి వచ్చింది.

కాగితాలు దిద్దిన పంతులమ్మ జాలిగా అడిగింది. “మిషన్ల దగ్గర పని చేస్తారు కదా, చెవులేమైనా దెబ్బతిన్నాయేమో, ఒకసారి చూపించుకోకూడదూ?”

భర్త మర్నాడే పని మానుకొని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాడు. డాక్టరు గంట మోగించి, గుసగుసలాడి, చెవిలో దీపం వేసి చూసి, “మీ చెవులకేం, నిక్షేపంలా ఉన్నాయి” అని పంపేశాడు. చెవులు బాగుంటే మాట ఎందుకు వినబడలేదు? ఇంటికి వచ్చి పోగులక్క ఆ మాదిరి పరీక్షలోని పాఠాన్నే మామగారి చేతికిచ్చి చదివించుకుంది. ఆయన పెదవులు సాగదీసి చదివాడు. ఆమె ఒక్క జవాబూ తప్పలేదు.

“చూశావా! తప్పు నీది కాదు అమ్మాయ్, ఆ డబ్బాది. దానికి ఉచ్చారణ లేదు.”

“పరీక్షలో పెట్టేది ఆ డబ్బానే కదా మామయ్యా. మీరు రారుగా.”

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ప్రకటనలేవీ వినబడలేదు. ఆదివారం శిక్షణ కేంద్రానికి వెళ్లినప్పుడు పోగులక్క ఆ ఖాళీ కుర్చీ వైపు చూడకుండా, గోడవారగా నిలబడే పాఠం చెప్పి వచ్చింది.

సంగతి తేలింది షెడ్డులో. కాజాలు కుట్టే పెద్ద వయసు ఆమెను అందరూ కాజాల పిన్ని అనేవారు. మాటకారి. అయితే చేతులు ఖాళీ లేనప్పుడు గుండుసూదులన్నీ పెదవుల మధ్య బిగించి పట్టుకోవడం ఆమె అలవాటు. ఆరోజు అట్లా సూదులు బిగించిన పెదవులతోనే పిన్ని అవతలి మూల నుంచి పోగులక్కకు ఏదో చెప్పబోయింది. మేస్త్రి గురించేనని కనుబొమలు చెబుతున్నాయి గాని, తక్కిన కథ సూదుల వెనకాలే ఆగిపోయింది.

పోగులక్క చేయి ఊపి, పెదవులతో అంది: “సూదులు తీసి చెప్పు పిన్నీ. నీ మాట కనబడటం లేదు.”

షెడ్డులో రోజుకు ఎన్నిసార్లో, ఎవరో ఒకరు అనే మాటే అది. కానీ తన పెదవి దాటగానే పోగులక్క మిషను మీద కాలు ఆపేసింది. కాలర్ సగంలో నిలిచిపోయింది. మాట కనబడటం లేదు! ఇన్ని నెలలూ తాను ఇంగ్లీషు విన్నది చెవులతో కాదు. మామయ్య పెదవుల మీద చదివింది. స్టేషను గొంతు, స్టేషను పెదవులు. గుడ్డివాడికి కూడా కనబడేంత స్పష్టంగా ఆ పెదవులు పలికాయి. తనది వినికిడి అనుకున్నది చూపు. అందుకే ముఖం లేని డబ్బా ముందు తాను చెవిటిదైపోయింది.

మేస్త్రి వచ్చి తల మీద నిలబడ్డాడు. “ఏంటమ్మా, మిషను ఆగింది?”

“మిషను కాదండి, నేనే ఆగాను. ఇప్పుడే కదిలాను” అని పోగులక్క నవ్వింది. మేస్త్రి తన మీద జోకేమోనని అనుమానంగా చూసి వెళ్లిపోయాడు.

ఆమె మళ్లీ కాలు వేసింది. వేసిన కాసేపటికే, అలవాటు ప్రకారం తలెత్తకుండానే పక్క మిషను మీది పిల్లను మోచేత్తో పొడిచి, “నీ బాబిన్ అయిపోవస్తోంది, చూసుకో” అని సైగ చేసింది. ఆ పిల్ల చూసుకుంటే నిజమే, అడుగుదారపు కండె ఖాళీ కావస్తోంది. ఇన్ని మిషన్ల హోరులో ఒక్క బాబిన్ పలచబడిన చప్పుడు తాను ఎట్లా పట్టుకుంది? దానికి పెదవులున్నాయా? మిషన్ల మాట వినడానికి తానేనాడూ తలెత్తి చూడలేదు. అంటే తన చెవులకు పని రాకపోలేదు. మనుషుల మాట విషయంలో ఆ పనిని వాటికి తానెప్పుడూ అప్పగించలేదు, అంతే.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెడుతూనే ముందు గదికీ వంటింటికీ మధ్య ఉన్న తెర లాగింది. యూనిఫారం గుడ్డ పీలికలు అతికి తాను కుట్టిన నీలపు తెర అది.

“మామయ్యా, ఇకమీదట మీరు దీని వెనకాల కూర్చుని చదవాలి. మీ ముఖం నాకు కనబడకూడదు.”

భర్త నోరు వెళ్లబెట్టాడు. “ఏంటి, నాన్న ముఖం మీద నీకంత విసుగొచ్చిందా?”

ఆమె జరిగింది చెప్పింది. స్టేషను తాతయ్య నొచ్చుకుంటాడని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం మోకాళ్లు పట్టుకొని లేచి, వంటింట్లోకి తన కుర్చీ తానే మోసుకుపోయాడు.

“ఇన్నేళ్ల ఉద్యోగంలో నా ముఖం ఎవడు చూశాడమ్మాయ్? ఒక చిన్న గది. ఒక కిటికీ. ముందు ఒక మైకు. బయట లోకమంతా నా మాట మీద పరుగెత్తేది. ఒక్కడూ నన్ను చూడలేదు. ఉద్యోగం మాని ఇంట్లో కూర్చున్నాకే ఈ ముఖానికింత గిరాకీ.” తెర వెనక నుంచి గొంతు సర్దుకున్నాడు. “దయచేసి వినండి.”

మొదటిరోజు ఏమీ నిలవలేదు. మాటలు తెర దాటి వచ్చి, నేల మీద ఒలికిన బియ్యంలా చెల్లాచెదరయ్యాయి. ఒకటి ఏరుకునేలోగా పది దొర్లిపోయేవి. ఆమె ఉక్రోషంతో కాగితం విసిరికొట్టింది.

తెర పక్కకు జరిగి ముసలి ముఖం బయటికి వచ్చింది. “ఒక సంగతి అడుగుతాను చెప్పు. స్టేషన్లో నేను అరిచే ప్రకటన మొత్తం ఎవడైనా వింటాడా?”

“వినరా?”

“ఎందుకు వింటాడు? వాడికి కావలసింది వాడి బండి. ఎక్కడికి పోతుంది, ఏ ప్లాట్‌ఫారం, ఎంత ఆలస్యం. ఆ మాటలు వచ్చేదాకా వాడు టీ తాగుతూనే ఉంటాడు. రాగానే గ్లాసు కింద పెట్టి పరుగెడతాడు. నువ్వేమో ప్లాట్‌ఫారం మీద నిలబడి, వచ్చిన ప్రతి బండీ ఎక్కాలని చూస్తున్నావు. చదివేటప్పుడు ముందు ప్రశ్నలు చూస్తావు కదా? వినేటప్పుడు ఎందుకు చూడవు?”

పోగులక్క విసిరిన కాగితం వెతికి తెచ్చుకుంది. ఈసారి ముందు ప్రశ్నలు చదివింది. ఎక్కడ, ఎందుకు, ఎవరితో: తన బండ్లు ఇవి. తర్వాత చూపును తన జాకెట్టు చేతి అంచు కుట్టు మీదికి దించి, ఆ కుట్టును వేలితో తడుముతూ, బాబిన్ చప్పుడు కోసం కాచుకున్నట్టు కాచుకుంది. గొడుగులూ గడియారాలూ దాటిపోయాయి. అవి ఆమె బండ్లు కావు, పోనిచ్చింది. ఉన్నట్టుండి హోరులోంచి ఒక మాట విడిగా, శుభ్రంగా చెవిన పడింది. గబుక్కున రాసింది. తెర వెనక ముసలాయన చదవడం ఆపలేదు గాని, ఆయన గొంతులో సంతోషం కాస్త వేగం పెంచింది.

అటు తర్వాత ఆ నీలపు తెర వెనక కూర్చోని మనిషి లేడు. ఒకే గొంతుకు అలవాటు పడితే మళ్లీ మొదటికొస్తుందని పోగులక్కే అందరినీ పిలిచింది. కూతురు ఊపిరి తీసుకోకుండా గడగడా చదివేది. “నీకేం రైలందుతుందనే, కాస్త ఆగు!” అని తల్లి ఇవతలి నుంచి కేకేసేది. భర్త అన్నం ముద్ద నోట్లో పెట్టుకొని, ఇంగ్లీషును తెలుగు కంటే ముతకగా నమిలి మింగేవాడు. కాజాల పిన్నికి ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాదు.

“మరి నేనేం చెయ్యనే? నన్ను ఊరికే కూర్చోబెడితే నాకు నోరు దురద.”

“నువ్వు నా పక్కన కూర్చుని దగ్గు పిన్నీ. పరీక్ష గదిలో ఎవరో ఒకరు దగ్గకుండా ఉంటారా?”

పిన్ని ఆ పనిని ఎంత శ్రద్ధగా చేసిందంటే, స్టేషను తాతయ్య చదువుతూ చదువుతూ ఆగి, “ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?” అని తెర వెనక నుంచే అడిగాడు.

పరీక్ష రోజు వచ్చింది. పొడవాటి గది, వరసగా బల్లలు, ముందు మళ్లీ అదే నల్లటి డబ్బా. పోగులక్క చుట్టూ ఆమె కూతురి కంటే నాలుగేళ్లు పెద్దవాళ్లు కొందరు, ఆమె కంటే పెద్దవాళ్లు ఒకరిద్దరు. చదివే భాగం సాఫీగా గడిచింది. ప్రశ్నలు ముందు, పాఠం తర్వాత, పీలికలు పక్కకు.

ఇక డబ్బా మాట్లాడింది. అంత సాధనా చేసిన పోగులక్క, ఆ గొంతు వినగానే పాత అలవాటు కొద్దీ తలెత్తి ఆ ఇనుప జల్లెడ మీద పెదవులు వెతికింది. పెదవులు లేవు. మొదటిసారి వినిపించడం పూర్తయ్యేసరికి ఆమె కాగితం మీద ఒక్క అక్షరం లేదు. శిక్షణ కేంద్రంలోని ఖాళీ కుర్చీ కళ్ల ముందు కదిలింది. దాని వెనకే ఇంకా ఎన్నేళ్లో కుట్టవలసిన కాలర్లు, కుప్పలు కుప్పలుగా.

ఆమె కళ్లు బలవంతాన కిందికి దించింది. చేతి అంచు కుట్టు మీద వేలు పెట్టింది. ప్రశ్నలు మరోసారి చదువుకుంది. ఇవే నా బండ్లు అనుకుంది. రెండోసారి గొంతు మొదలైంది. ఆ గొంతుకూ తనకూ మధ్య నీలపు తెర దిగింది. ఇక ఆ గొంతు ఎవరిదైనా ఒకటే. ఒకటి చెవిన పడింది, రాసింది. ఇంకొకటి పడింది, రాసింది. ఎవరో దగ్గారు. పోగులక్కకు నవ్వొచ్చింది గాని, మాట జారిపోలేదు.

రెండో పాఠానికి వచ్చేసరికి కరెంటు పోయింది. డబ్బా నోరు మూసుకుంది. గదిలో గోల. కాపలాకు వచ్చిన ఉపాధ్యాయుడు బయటికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి తిరిగి వచ్చాడు.

“నిశ్శబ్దం! నిబంధన ప్రకారం పాఠాన్ని నేనే చదువుతాను. రెండుసార్లు. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు.”

ఆయనకు జలుబు. మీసం పెదవి మీదికి దిగి ఉంది. పైగా కళ్లజోడు మరిచినట్టున్నాడు, కాగితాన్ని ముక్కుకు ఆనించి ముఖమంతా కప్పుకొని చదవడం మొదలుపెట్టాడు. సముద్రపు ఒడ్డున ఒక దీపస్తంభం చూడటానికి వెళ్లే పిల్లలకు ఎవరో సూచనలిస్తున్న పాఠం అది. ఏ దారిన రావాలి, ఏం తేకూడదు, గాలి ఎక్కువగా ఉన్నప్పుడు పైకి ఎందుకు ఎక్కనివ్వరు.

“సార్, సరిగ్గా వినబడటం లేదు సార్!”

“కాగితం కాస్త దించండి సార్!”

“మాట్లాడకూడదని చెప్పానా?” అన్నాడాయన కాగితం వెనక నుంచి.

పోగులక్క ఒక్కతే ఏమీ అడగలేదు. ముఖం కనబడని గొంతు, ముద్ద నోట్లో పెట్టుకున్నట్టున్న ఉచ్చారణ, పక్కన దగ్గులు. ఇదేదో తనకు బాగా తెలిసిన ఇల్లే. ముందు గదిలో కూర్చుని, వంటింట్లోంచి భర్త చదువుతుంటే విన్నట్టే ఉంది. దారి వచ్చింది, రాసింది. తేకూడనిది వచ్చింది, రాసింది. గాలి సంగతి కోసం కాసేపు కాచుకోవలసి వచ్చింది. అది కూడా, కాస్త ఆలస్యంగా, వచ్చింది. రెండోసారి చదువుతున్నప్పుడు ఆమె రాయడానికేమీ మిగలక, చేతులు కట్టుకొని, ఆ దీపస్తంభం కథను ఊరికే విన్నది. ఇంగ్లీషును పరీక్ష కోసం కాక, వినాలనిపించి వినడం ఆమె జీవితంలో అదే మొదలు.

ఫలితాల సాయంత్రం ఆమె షెడ్డు నుంచి ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో ఎవరూ లేరు. తెర దించి ఉంది. తెర కింద నుంచి కూతురి పాదాలు, భర్త పాదాలు, కుర్చీ కాళ్ల నడుమ ఒక ముసలి జత పాదాలు కనబడుతున్నాయి. గుట్టు దాచుకోవడం చేతకాని కుటుంబం.

“ఎవరక్కడ?” అంది పోగులక్క, ఏమీ చూడనట్టే.

తెర వెనక ఎవరో గొంతు సర్దుకున్నారు. పరీక్ష అయిన నాటి నుంచి ఆ ఇంట్లో వినబడని నిండు స్టేషను గొంతు గోడలు మోగేలా లేచింది.

“దయచేసి వినండి. చాలా సంవత్సరాలు ఆలస్యంగా నడుస్తున్న మా కోడలు ఎక్స్‌ప్రెస్, చదువులోనూ, వినికిడిలోనూ కూడా పాసై, ఇప్పుడే ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి చేరింది. ఆలస్యానికి చింతిస్తున్నాం.”

పోగులక్క కళ్లు మూసుకుంది. ప్రకటన రెండుసార్లు చెప్పడం వృత్తిధర్మం. ఆమె రెండోదాని కోసం నిలబడింది. తెర వెనక గొంతు మొదలైంది గాని, ‘మా కోడలు’ దగ్గరే ఆగిపోయింది. మిగిలిన మాటలను కూతురు, భర్త కలిసి అరిచేశారు. ఆమె వెళ్లి తెర లాగింది. కళ్లు తుడుచుకుంటున్న స్టేషను తాతయ్య ముఖం, ఎంతోకాలానికి, పాఠం మధ్యలో కనబడింది.

“ఈ ఒక్కసారికీ ముఖం చూపించినందుకు మార్కులు తగ్గిస్తావా అమ్మాయ్?”

“తగ్గించను మామయ్యా” అని ఆమె ఆయన పక్కనే నేల మీద కూలబడి, నవ్వుతూ ఏడ్చింది.

శిక్షణ కేంద్రం మేడమ్ ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. పోగులక్క షెడ్డులో ఆఖరి రోజున తన మిషనును తుడిచి, నూనె వేసి, కప్పి, తలుపు దాకా నడిచింది. మిషన్లన్నీ నడుస్తూనే ఉన్నాయి. ఎవరి కోసమూ ఆగే మిషన్లు కావవి. మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడి ఏదో అన్నాడు. ఆ హోరులో వినబడలేదు. పెదవులు కదపడం అతనికి చేతకాదు కనుక కనబడనూ లేదు. మంచి మాటే అయి ఉంటుందని తల ఊపింది.

వెనుతిరిగి చూసింది. మూల మిషను దగ్గర కాజాల పిన్ని పనాపి, పెదవుల మధ్య సూదులను ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చుతోంది. చివరి సూది కూడా తీశాక, ఖాళీ అయిన పెదవులతో, చప్పుడు లేకుండా, ప్రతి అక్షరాన్నీ నిండుగా పలికింది:

“ఇప్పుడు చొక్కా మొత్తం కుట్టవే.”

అంత దూరం నుంచీ, అంత హోరులోనూ, ఆ మాట పోగులక్కకు స్పష్టంగా కనబడింది.